ఉమ్మడి అడ్రస్

అమలాపురంలోని ఆ ఆసుపత్రిలో సర్వర్లు రెండు. రెంటికీ కలిపి ఉమ్మడిగా ఐపీ అడ్రస్ ఒక్కటే. ఓపీ చీటీ దగ్గర్నుంచి రక్తపరీక్ష రిపోర్టు దాకా కంప్యూటర్లన్నీ ఆ అడ్రస్‌నే అడుగుతాయి. మొదటి సర్వర్ పడిపోతే రెండోది ఆ అడ్రస్ తనమీద వేసుకుని, ఎవరికీ తెలియకుండా పని అందుకోవాలి. ఆరేళ్ల కిందట ఈ ఏర్పాటు చేసినవారు ఎబినేజర్ గారు. ఆయన చెయ్యి పడితే మొరాయించిన మిషను కూడా భయపడి తిరుగుతుందని అక్కడ అందరూ చెప్పుకుంటారు.

ఇప్పుడు కొత్త బ్లాకు కట్టారు, నెట్‌వర్క్ నంబర్లన్నీ మారాయి. ఉమ్మడి అడ్రస్ కూడా మార్చాలి. ఆ పని స్టెల్లాకి అప్పగించారు. నాలుగేళ్ల కిందట ఆమెను ఉద్యోగంలో పెట్టించిందీ, పని నేర్పిందీ ఆయనే. వచ్చే నెల ఆయన రిటైరవుతున్నారు.

మధ్యాహ్నం ఓపీ అయిపోయాక, కాసేపు కాగితాల మీద రాసుకోమని వార్డులకి చెప్పి, స్టెల్లా కొత్త అడ్రస్ ఎక్కించింది. అన్నీ బాగానే పనిచేశాయి.

"ఇంకేముందమ్మా, అయిపోయింది కదా," అంటూ ఎబినేజర్ గారు లేచారు.

"ఒక్కసారి మొదటిదాని కేబుల్ తీసి చూస్తానండి బాబాయ్ గారూ."

"పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకమ్మా?"

పెద్దాయన వద్దన్నాక ఎదురు చెప్పడం స్టెల్లాకి అలవాటు లేదు. ఆ ఊళ్లో ఎవరికుంది కనుక? ఆ మర్యాద పుణ్యమా అని ఆరేళ్లుగా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కానీ పైన ఐసీయూలో పదకొండు మంది ఉన్నారు. ఆమె కేబుల్ పీకేసింది.

రెండో సర్వర్ ఉలకలేదు, పలకలేదు. నిమిషం చూసి స్టెల్లా కేబుల్ మళ్లీ పెట్టేసింది. వెనక్కి తిరిగితే ఎబినేజర్ గారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అది మొదట్నించీ అంతేనమ్మా," అన్నారాయన. "మొదటిది పడిపోయినప్పుడల్లా నేనే పరిగెత్తుకొచ్చి చేత్తో మార్చేవాణ్ణి. అంతా నన్ను పొగిడేరు. దాన్ని బాగుచెయ్యడం నాకు రావట్లేదని ఏ మొహంతో చెప్పను? నువ్వూ ఎవరికీ చెప్పకమ్మా."

తమ్ముడి కొడుకు పెళ్లికి దిండి వెళ్లి, ఆయన భోజనం బంతిలోంచి లేచి వచ్చేసిన సంగతి స్టెల్లాకి తెలుసు. ఎంత ఉద్యోగ భక్తి అని తనే పదిమందికి చెప్పింది. ముందు కోపం వచ్చింది, తర్వాత ఆయన మీద చెప్పలేనంత జాలి వేసింది.

సెట్టింగులు వెతికింది. రెండో మిషను తర్వాత కొన్నది. దాని నెట్‌వర్క్ కార్డు పేరు వేరు. సెట్టింగులో రాసింది మాత్రం మొదటిదాని కార్డు పేరు. లేని కార్డు మీద అడ్రస్ ఎలా నిలబడుతుంది? పేరు సరిచేసి, ఈసారి కేబుల్ ఆయన్నే తియ్యమంది. నాలుగు సెకన్లలో రెండోది పని అందుకుంది.

"ఏం మార్చేవమ్మా?"

"చాలా చోట్ల మార్చానండి," అని స్టెల్లా తెరకి అడ్డంగా జరిగింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆమె భుజం మీదుగా వంగి చదివారు.

"ఒక్క పేరేనా?"

"ఆయ్," అంది స్టెల్లా, తల ఎత్తకుండా.

ఎబినేజర్ గారు కుర్చీలో కూలబడ్డారు. "నాలుగేళ్ల నుంచీ నువ్వు నా పక్క కుర్చీలోనే ఉన్నావు కదమ్మా," అన్నారు.