మైనస్ గుర్తుకు నేను చెప్పిన అర్థం

స్ఫాక్స్ రేవులో ఉప్పు బస్తాలెత్తే క్రేనుకు ప్రోగ్రాము రాసింది మా ఆఫీసే. అందులో క్రేను ఎటు కదలాలో చెప్పే ‘కదలిక’ అనే క్లాసు, అంటే ప్రోగ్రాములో ఒక భాగం, నాది. మనం రాసిన క్లాసు ముందు మైనస్ గుర్తు పెడితే ఏం జరగాలో మనమే చెప్పుకోవచ్చు. నా మైనస్ ఎదురు దిక్కు కదలికను కొత్తగా చేసివ్వాలి, అసలుది చెక్కుచెదరకూడదు. అద్దంలో కుడి ఎడమైనంత మాత్రాన మన చెయ్యి మారిపోదు కదా. నేనేమో ప్రోగ్రాములో ఒక వరుస తగ్గుతుందని అసలుదాన్నే తిప్పేశాను. మైనస్ పెట్టాక అసలుదాన్ని మళ్లీ ఎవరూ వాడలేదు కాబట్టి రెండేళ్లు ఏమీ కాలేదు. తెలివైనదాన్నని మురిసిపోయాను కూడా.

పోయిన నెల నాతో పనిచేసే నౌఫల్ ప్రోగ్రాములో ఒక్క వరుస చేర్చాడు. క్రేను కదిలే ముందు, వెనక్కి రావాలంటే ఎటు రావాలో తెరమీద చూపించడానికి. ఉత్తినే చూపించడానికే. కానీ ఆ మైనస్‌తో అసలు కదలికే తిరగబడింది. పైకి లేవాల్సిన కొక్కెం కిందికి దిగింది. కింద ఖమైస్ ఉన్నాడు, బస్తాలు తగిలించే పెద్దాయన. కాలు నలిగిపోతే, ఆసుపత్రిలో మోకాలి కిందికి తీసేశారు.

మా ఆఫీసులో ఒక ఆచారముంది. ఏది పాడైనా, ఆ ప్రోగ్రామును చివరగా ముట్టుకున్నవాళ్లదే తప్పు. వాళ్లు అందరికీ శనగల పులుసు పెట్టించాలి, మిగతావాళ్లం ఆటపట్టిస్తూ తినాలి. ఈసారి చివరి పేరు నౌఫల్‌ది.

“తెరమీద నాలుగక్షరాలు చూపించమంటే మనిషి కాలు తీశావు కదరా,” అన్నాడు మా యజమాని మొంజి.

“నేను దిక్కు చూపించానంతే మొంజిగారూ, మార్చలేదు.”

“ఆడలేక మద్దెల ఓడన్నాడట. చివర చెయ్యి పెట్టిందెవరు?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను కీబోర్డు సర్దుకున్నాను. తప్పు నాదని చెప్పడానికి భయమేసింది, అంతే. దానికింకో పేరు పెట్టను.

ఆ సాయంత్రమే మైనస్‌ను సరిచేసి, పక్కన ‘చిన్న సవరణ’ అని రాశాను. వారానికి నౌఫల్‌ని పనిలోంచి తీసేశారు. అతను అట్టపెట్టెలో సామాను సర్దుకుంటుంటే ఇక ఉండలేక దగ్గరికెళ్లాను.

“నౌఫల్, ఆ మైనస్...”

“తెలుసక్కా. మొదటిరోజే నీ క్లాసు తెరిచి చూశా. సాయంత్రం నువ్వు సరిచేసిందీ చూశా.”

“మరి మొంజికి చెప్పలేదేం?”

“నాకు పని నేర్పినదానివి. నీ నోటితోనే వస్తే బాగుంటుందనుకున్నా. వారం చూశా.”

“పద, ఇప్పుడే చెప్తా.”

“చెప్పుకో. నిన్న ఆసుపత్రికెళ్లి ఖమైస్ మావని క్షమించమని అడిగొచ్చా. దించింది నా వరుసే కదా. నా చెయ్యి పట్టుకుని, పోనీలే నాయనా, క్షమించానన్నాడు. నన్ను క్షమించాడక్కా. నువ్వెళ్లి ఏమడుగుతావో నాకు తెలీదు.”

పెట్టె ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు. మొంజి గది తలుపు తీసే ఉంది. నేను వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.