చేతులు మాత్రమే

సిద్ధమ్మ రెండు చేతులూ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తువ్వాలుకు ఒత్తుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. హార్‌గ్రీవ్స్ సార్ ఆమె ఒళ్ళో పట్టుగుడ్డ పరిచి, చేతుల్ని దాని మీద ఒద్దికగా అమర్చాడు. ఎడమ మణికట్టుకు ఒక కంకణం తొడిగాడు.

"హ్యాండ్స్ ఓన్లీ," అన్నాడు, రోజూ అన్నట్టే.

రోజూలాగే ఆమె ఆ మాట నమ్మలేదు.

అరబ్బు దేశానికొచ్చి మిష్రిఫ్‌లోని ఆ ఇంట్లో చేరి ఆరేళ్ళయింది. ఊడవడం, తుడవడం, వండడం ఆమె పని. పొద్దున కాసేపు ఇలా కూర్చోవడం కూడా పనేనని సార్ అన్నాడు గానీ, ఎందుకో చెప్పలేదు. ఆయన గీసేది ఆమెకు కనబడదు. గీయడం కాగానే కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేస్తాడు. ఒట్టి చేతులే అయితే తాళమెందుకు?

ఒకప్పుడు ఈ ఇంటి ముందు కార్లు బారులు తీరేవట. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్రవాడు మనిషి పోలికను ఉన్నదానికన్నా కాస్త అందంగా దించుతాడని పెద్దిళ్ళ ఆడవాళ్ళలో పేరు పడింది. రంగుల బొమ్మ వాళ్ళ హాల్లో వేలాడేది. అదే బొమ్మను రాగిరేకు మీద గీసి, నల్లసిరాతో అచ్చు తీసిన కాగితాలు అక్కచెల్లెళ్ళ ఇళ్ళకు వెళ్ళేవి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. సార్ మోకాళ్ళు అరిగాయి. పాత పేరు విని అప్పుడొకరూ ఇప్పుడొకరూ వస్తారు. వాళ్ళు కూడా కాసేపు మొహం చూపించి, డ్రైవరు హారను కొట్టగానే లేచి వెళ్ళిపోతారు.

పక్కింటి డ్రైవరు అల్లాబకష్‌ది రాయచోటి. చెత్తడబ్బా దగ్గర కనబడినప్పుడల్లా ఆమె చెవిలో ఒక పుల్ల పెట్టేవాడు.

"ఒట్టి చేతులెవురన్నా గీస్తారా అక్కా? నీ మొగం గూడా గీసింటాడు. యా గోడకు యాలాడతా ఉండావో ఏమో!"

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. ఊళ్ళో ఉన్న భర్త నాగేశ్వర అసలే అనుమానపు మనిషి. వీడియోలో మాట్లాడితే ముందు అడిగేది ఆమె బాగోగులు కాదు.

"ఫోను అట్ల తిప్పు, గది సూపీ. ఎవురుండారు?"

"ఎవురుంటారు, గోడలు తప్ప."

తన మొహమున్న కాగితం ఎవరి ఫోనులోనో పడి నాగేశ్వర దాకా పోతే? అందుకే ఆమె సార్ ముందు కొంగు నుదుటి దాకా లాక్కుని కూర్చునేది.

ఆ రోజు సార్ తొందరగా ఆపేశాడు. నుదురంతా చెమట. "ఖలాస్, సిద్ధమ్మా," అని పడకకుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు. సొరుగుకు తాళంచెవి వేలాడుతూనే ఉంది.

ఆమె ఆయన్ను చూసింది. వాకిలి వైపు చూసింది. సొరుగు లాగింది.

పైన ఆమె చేతుల పెన్సిల్ గీతలు, కింద అన్నీ అచ్చుకాగితాలే. పెద్దింటి ఆడవాళ్ళు, నల్లసిరాలో. పక్కింటి మామా, అల్లాబకష్ యజమానురాలు, కూడా ఉంది. పరాయి కళ్ళ పడకూడదనే ఈ తాళం కాబోలు. ఒక్కొక్క కాగితం తిప్పుతూ తన మొహం కోసం వెతికింది. లేదు. గుండెల మీది బరువు దిగింది.

అప్పుడు చూసింది పక్కింటి మామా చేతులు. కుడి చిటికెనవేలు లోపలికి వంగి ఉంది. పెళ్ళి కాకముందు చెనిక్కాయలు కొట్టే మిషన్లో పడి విరిగిన తన వేలు అది. కింద కాగితంలోనూ అదే వేలు. దాని కింద దానిలోనూ. ఇన్నేళ్ళుగా ఈ గొప్పవాళ్ళ ఒళ్ళో పట్టు మీద వాలి ఉన్నవన్నీ సిద్ధమ్మ చేతులే.

కోపం రావాలనుకుంది. రాలేదు. కాగితాలన్నీ మొదటి నుంచి మళ్ళీ తిప్పింది. ఈసారి భయంతో వెతకలేదు. ఎక్కడైనా ఒక మూల, చిన్నగానైనా, తన మొహం ఉంటుందేమోనని వెతికింది.

"సార్," అంది, కుర్చీ దగ్గరికి వెళ్ళి. "నా మొగం ఎందుకు గీయలేదు సార్?"

ఆయన భుజం తట్టింది. తల పక్కకు ఒరిగింది.

ఆమె కేకకు అల్లాబకష్ గోడ దూకి వచ్చాడు. ఫోన్లు చేశాడు. పోలీసులు వచ్చారు. ఒకాయన ఆమె ఆ దేశంలో ఉండడానికి అనుమతిచ్చే ఇఖామా కార్డును వెనకా ముందూ తిప్పి చూసి, ఏమైనా ముట్టుకున్నావా అని హిందీలో అడిగాడు.

"లేదు," అంది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

సార్‌ను తీసుకెళ్ళాక, అల్లాబకష్ ఇంకా తెరిచే ఉన్న సొరుగు వైపు కళ్ళతో చూపించి గొంతు తగ్గించాడు. "తెరిసినావు గదా? నీ మొగం ఉన్నిందా?"

"లేదులేబ్బా," అంది సిద్ధమ్మ. "ఆయప్ప నిజమే చెప్పినాడు."

అతను వెళ్ళాక ఒక్కతే పడకకుర్చీ ముందు నిలబడింది. కుర్చీ కింద, సార్ చెయ్యి వేలాడిన చోట, ఒక పెన్సిల్ ముక్క పడి ఉంది. దాని వెనక కొసన కొరికిన పంటిగాట్లు. మొన ఇంకేదో గీయడానికి అప్పుడే చెక్కినట్టు సన్నగా, నల్లగా ఉంది.