అనుకోని పిలుపుకు పదిహేను రోజుల గడువు

ఇంట్లోంచి ఎవరైనా దూరం వెళ్తే, వాళ్లు చేరినట్టు కబురు వచ్చేదాకా ఇల్లు ఊడ్వకూడదు, తలస్నానం చేయకూడదు, మిగిలినవాళ్లు గడప దాటకూడదు. గోపన్‌పల్లిలో సక్కుబాయి ఇంటి చట్టాలివి. మొదటి రెండూ ఊరందరివీ. మూడోది ఆమె సొంతంగా కలుపుకున్నది. కొడుకు తిరుపతి పట్టాళంలో చేరిన ఏడు కలుపుకుంది. అతని ఉత్తరాల కోసమే అక్షరాలు కూడా ఒక్కతే కూడబలుక్కుని నేర్చుకుంది.

ఈ మే నెలలో హవల్దారు తిరుపతి నెల సెలవు మీద వచ్చాడు. నాలుగో రోజు ఆదివారం, మాంసం కూరలో చేయి పెట్టగానే ఫోన్ మోగింది. సెలవు రద్దు, వెంటనే రమ్మన్నారు. చేయి కడుక్కుని సంచి సర్దుకున్నాడు. ఆ తర్వాత గురువారం దాకా అతని ఫోన్ కలవలేదు.

ఆ నాలుగు రోజులూ సక్కుబాయి గడపకు అడ్డంగా కూర్చుంది. కోడలు మాత్రం అత్త ఒంటి స్నానానికి లేచిన సందు చూసి, జీడిమెట్ల మందుల కంపెనీలో డ్యూటీకి జారుకుంది. మనవరాలు రోహిణి దొరికిపోయింది. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న ఆ పిల్లకు సోమ, మంగళవారాల్లో మిడ్ పరీక్షలు.

"పరీక్ష మల్ల రాయొచ్చు, నాయిన మల్ల వస్తడా?" అని సక్కుబాయి ఏడ్చింది. రోహిణి బ్యాగు దించి ఇంట్లోనే ఉండిపోయింది. నాయిన క్షేమంగానే చేరాడు. పరీక్షలే పోయాయి. రెండు సున్నాలు ఖాయమైతే పిల్లకు ఏడాది పోతుంది.

రెండు వారాల తర్వాత శుక్రవారం పొద్దున సక్కుబాయి మనవరాలితో కలిసి కాలేజీకి వెళ్లింది. చుట్టూ ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు తీసిపోకూడదని దానికీ అద్దాలు తొడిగారు. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. "వీర జవానులకు వందనం. సైనిక కుటుంబాల పిల్లలకు పరీక్షలలో ప్రత్యేక వెసులుబాటు." సక్కుబాయి ఆగి అంతా చదివింది. అడుగున చీమలంత అక్షరాలు ఉన్నాయి. కళ్లద్దాలు పైకి జరిపి అవీ చదివింది. "అనుకోని విధి పిలుపు వచ్చినచో పదిహేను రోజుల ముందుగా కాలేజీకి తెలుపవలెను."

"అనుకోనిది పదిహేనొద్దుల ముందు ఎట్ల ఎరుకైతదే?"

"నన్నడిగితే నాకేమెరుక నానమ్మా? పా, పన్నెండు గంటలకు మార్కుల పోర్టల్ బందైతది. ఇయ్యాల ఎక్కకుంటే ఇగ ఎక్కదు."

టోకెన్ తీసుకుని కూర్చున్నారు. పిలిచేసరికి పదకొండున్నర కావొచ్చింది. పరీక్షల విభాగం అధికారి ఉదయ్ భాస్కర్‌ది రాజమండ్రి వైపు మాట. మర్యాదకు లోటు లేదు.

"చెప్పండమ్మగారూ. తండ్రిగారు బోర్డర్‌కి వెళ్తే అమ్మాయి పరీక్షకెందుకు రాలేదండి?"

అబద్ధమాడదామని సక్కుబాయి దారంతా అనుకుంది. నోరు తెరిస్తే నిజమే వచ్చింది. "నేనే ఆపిన సారూ. కొడుకు చేరినట్టు ఫోన్ రాలే. గడప దాటనియ్యలే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వాడు. "ఏ కాలంలో ఉన్నారండీ? కిటికీలోంచి చూడండి, పక్క బిల్డింగులో కంప్యూటర్లు మనుషుల్లా మాట్లాడుతున్నాయి. మీరేమో ఇంకా గడప అంటున్నారు. మూఢనమ్మకానికి మా ఫారంలో కాలమ్ లేదమ్మా."

తప్పు తనదే కాబట్టి సక్కుబాయి తల వంచుకుంది. రోహిణి మాత్రం ఊరుకోలేదు. "సార్, పదిహేను రోజుల ముందు చెప్పనీకి కాలమ్ ఉంది కద! ఆర్మీవాళ్లకే తెలువదు సార్."

ఉదయ్ భాస్కర్ గొంతు తగ్గించాడు. "ఆ రూలు పెట్టి మూడేళ్లయిందమ్మాయ్. ఒక్కళ్లకీ అది వర్తించలేదు. వచ్చే నెల తనిఖీ కమిటీ వస్తోంది. రిజిస్టరు ఖాళీగా ఉంటే మాకు తలవంపులు. అందుకని గడువు చూడకుండా మీ కేసు రాసేసుకుంటాను." తండ్రి పేరు, హోదా రాసి, కారణం దగ్గర 'కుటుంబ అత్యవసర పరిస్థితి' అని పెట్టాడు. మళ్లీ పరీక్ష రాయడానికి అనుమతి. ఇక సంతకమే తరువాయి. కలం ఎత్తి, గోడ గడియారం చూసి, పామును చూసినట్టు దించేశాడు.

"పన్నెండు దాటాక పెడతానండి. శుక్రవారం కదా, పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం."

"సార్, పన్నెండుకు పోర్టల్ బంద్!" అంది రోహిణి.

"రాహుకాలంలో పెట్టిన ఏ ఫైలూ బాగుపడలేదమ్మా. నా అనుభవం."

సక్కుబాయికి నవ్వు రావలసింది, రాలేదు. ఈ మనిషి మాట ఆమెకు పూర్తిగా అర్థమైంది. ఆ కాగితం మీద ఉన్నది తిరుపతి పేరు. మంచి గడియలో పెట్టిన సంతకమే ఆ పేరు కింద ఉండాలని ఆమెకూ ఉంది. కొడుకు అంత దూరాన ఎక్కడున్నాడో తెలియదు. పిల్ల పక్కనే పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. గడియారంలో పదకొండు నలభై.

"సారూ, ఇంట్లోళ్లు సంతకం పెట్టేది ఏడ?"

ఆయన చూపించాడు. ఆమె కలం లాక్కుని, స-క్కు-బా-యి అని ఒక్కో అక్షరం నొక్కి రాసింది.

"ఇగో, కన్నతల్లిని, నేనే పెట్టిన. ఏమన్న చెడుంటే నాకంటనీ. ఇందాక నా గడపకు నవ్వితివి కద సారూ, నీ రాహువుకు నన్నెప్పుడు నవ్వుమంటవ్?"

టోకెన్లతో కూర్చున్న పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఉదయ్ భాస్కర్ మెడ ఎర్రబడింది. కళ్లు మూసుకుని ఏదో గొణిగి, సంతకం గీకాడు. కంప్యూటర్‌లో రోహిణి పేరు ఎదుట 'గైర్హాజరు' పోయి 'మరల పరీక్ష' వచ్చేసరికి పదకొండు యాభై నాలుగు.

వెంటనే ఆయన ఫోన్ తీశాడు. "ఒక్క ఫోటో అమ్మగారూ, కాలేజీ పేజీలో పెట్టాలి. వీరమాత అని."

"గిది రాహుకాలంల తియ్యొచ్చా సారూ?"

"ఫోటోకేం దోషం లేదండి."

"నాకున్నది," అని సక్కుబాయి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటకు నడిచింది.

వరండాలో రోహిణి ల్యాబ్‌కు టైమైందని బ్యాగు భుజాన వేసుకుంది. రాహుకాలం పోవడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆగు అనే మాట సక్కుబాయి నాలుక చివరి దాకా వచ్చింది.

"ఏంది నానమ్మా?"

"ఏం లేదు. ఉరుకు బిడ్డా, లేటైతది."

పిల్ల మెట్లు ఎక్కి కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడి, ఆమె తలుపులోంచి మళ్లీ ఆ గోడ గడియారం వైపు చూసింది.