కారు సీమోను

ముందు చక్రాల ఊచలు తుడవడం అయ్యాక సీమోను వెనక చక్రం దగ్గరికి జరిగి గొంతుక్కూర్చున్నాడు. పనిమనిషి మల్లమ్మ బావిలోంచి తోడిన బొక్కెన పైకెత్తి, అతని చేతికి తగలకుండా తొట్టిలోకి నీళ్ళు వంచింది. ప్లీడరుగారింటి చేద అతను ముట్టుకోకూడదు. మల్లమ్మ రాని రోజున ఇంట్లోంచి ఎవరో ఒకరు వచ్చి తోడిపోసేదాకా తొట్టి పక్కన నిలబడి ఉండాల్సిందే.

కారు చాలా పెద్దది. నేరేడుపండు రంగు. ముందున్న దీపాలు ఒక్కొక్కటీ అన్నం తినే పళ్ళెమంత ఉంటాయి. లోపల తోలు సీట్లు, తలుపులకు వెండిలా మెరిసే పిడులు. అమెరికాలో తయారై ఓడలో మద్రాసు చేరిన ఆ బండిని, ముచ్చట తీరాక ఒక జమీందారు అమ్ముకుంటుంటే ప్లీడరు చెన్నకేశవులు కొని తెచ్చుకున్నాడు. మార్కాపురం తాలూకాలో అలాంటిది ఇంకొకటి లేదు. తాసీల్దారుగారు కూడా జట్కాలోనే తిరిగేవారు.

సీమోనుకు యాభై దాటాయి. పొడుగ్గా, సన్నగా, కొద్దిగా ముందుకు వంగి ఉంటాడు. రేడియేటరు మూత తీయబోయినప్పుడు ఆవిరి కొట్టి ఎడమ చెంప మీద చర్మం ముడతలు పడింది. వయసులో ఉన్నప్పుడు కంభంలో ఒక మిషను దొర దగ్గర తోటపనికి కుదిరి, ఆయన మోటారు తుడుస్తూ తుడుస్తూ నడపడం పట్టుకున్నాడు. దొర సీమకు పోతూ ఇచ్చిన కాకీ కోటునే, మోచేతుల దగ్గర మాసికలు వేసుకుని, ఇప్పటికీ తొడుగుతాడు.

కారు రాకముందు చెన్నకేశవులును కోర్టులో ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. వసారాలో చివరి బెంచీ మీద కూర్చుని, పెద్ద ప్లీడర్లు వద్దన్న కేసులు తనవైపు వస్తాయేమోనని చూస్తుండేవాడు. వాదించేటప్పుడు మాట తడబడేది. జడ్జీగారు విసుక్కునేవారు. కారు వచ్చాక కూడా ఆ మాట అలాగే తడబడింది గాని, జడ్జీగారికి ఓపిక పెరిగింది. పామూరు నుంచీ దొనకొండ నుంచీ వచ్చిన రైతులు బజారులో నిలబడి ‘కారు ప్లీడరు గారిల్లు ఏడుంది’ అని అడగడం మొదలుపెట్టారు. ఓడిపోయేవాడికి అంత బండి ఎట్లా వస్తుందని వాళ్ళ నమ్మకం. క్లబ్బులో ఆయనకు పేము కుర్చీ వేశారు. తాలూకా బోర్డులో చోటు దొరికింది. పలకల గనుల షావుకార్లు పెళ్ళిళ్ళకు కారు అడగడానికి వచ్చి, పనిలో పనిగా కేసులు కూడా అప్పజెప్పి పోయేవారు.

ఆ కారు సీమోనునూ కొంచెం పైకెత్తింది. షావుకార్ల బజారులో అతని నాయన చెప్పులు చంకలో పెట్టుకుని నడిచేవాడు. అదే బజారులో సీమోను బూట్లు తొడుక్కుని, మెత్తటి సీటు మీద కూర్చుని, హారను కొట్టుకుంటూ పోయేవాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు పంచెలు సర్దుకుని లేచేవారు. వాళ్ళు లేచేది తన కోసం కాదని అతనికి బాగా తెలుసు. తెలిసీ మెడ కాస్త నిటారయ్యేది. కారు ఆగగానే దిగి, తలుపు తీసి పట్టుకుని, ఎవరికీ తగలకుండా గోడవారకు ఒదిగిపోయేవాడు. సొంత పల్లెలో మాత్రం అతన్ని ‘కారు సీమోను’ అనేవారు. ప్రార్థన గుడిలో ముందు చాప మీద చోటిచ్చేవారు. భార్య కరుణమ్మకు ఆ పేరంటే మురిపెం. ఆ కారు ఎక్కకుండానే ఆమె జ్వరమొచ్చి పోయింది.

“ఒరే సీమోనూ, అయిందా?” చెన్నకేశవులు కోటు గుండీలు పెట్టుకుంటూ వసారాలోకి వచ్చాడు. “కమిషనరుగారిని ఎక్కించుకుని ఎర్రమిట్టకు పోవాల. మధ్యాన్నం లోపలే పని తెమిలిపోవాల.”

“అయిందయ్యా,” అన్నాడు సీమోను. ఎర్రమిట్ట పేరు వినగానే చేతిలో గుడ్డను అవసరం లేకపోయినా ఇంకోసారి పిండాడు.

ఎర్రమిట్ట కరుణమ్మ పుట్టిన ఊరు. ఆమెను పూడ్చిందీ అక్కడే. అక్కడి క్రైస్తవుల పల్లెకు ఊరవతల ఒక సమాధుల దొడ్డి ఉంది. దాని పక్కనే మోతుబరి గురవయ్య చేను. ఏటేటా దుక్కి దున్నినప్పుడల్లా చేను కొంచెం పెరిగేది, దొడ్డి కొంచెం తరిగేది. చివరికి ఒక వరస సమాధులే నాగలి కిందకు పోయాయి. పల్లెవాళ్ళు కోర్టుకు పోదామనుకున్నప్పుడు కరుణమ్మ తమ్ముడు జ్ఞానయ్య మొదట సీమోను దగ్గరికే వచ్చాడు.

“మీ అయ్యకు చెప్పు బావా. నువ్వు లేకుంటే ఆయన బండే కదలదు గదా. నీ మాట కాదంటాడా?”

సీమోను చెప్పాడు. చెన్నకేశవులు ఆవులిస్తూ విని, “గురవయ్య మొన్ననే వచ్చి పోయినాడురా. ముందొచ్చినోని తట్టే గదా మనం,” అన్నాడు. గురవయ్య వచ్చిందీ కారును చూసే. పల్లెవాళ్ళు ముసలి ప్లీడరు సుబ్బులును పెట్టుకున్నారు. ఒకప్పుడు సుబ్బులు గడప ముందు జనం కిక్కిరిసి ఉండేవారు. ఆయన ఇప్పటికీ గూడుబండిలోనే తిరుగుతాడు. గడప పలచబడిపోయింది.

ఇప్పుడు కోర్టువారు ఆ స్థలం చూసి రమ్మని ఒక కమిషనరును వేశారు. నంద్యాల నుంచి కొత్తగా వచ్చిన కుర్ర ప్లీడరు ఆయన. ఒక పక్షం వాళ్ళ బండి ఎక్కవచ్చునా అని కాసేపు గుమ్మంలో తటపటాయించాడు. కారు తలుపు తెరుచుకున్నాక ఆ తటపటాయింపు పోయింది. కూర్చుని సీటును అరచేత్తో నిమిరి, “బస్తీలో కూడా ఇట్లాంటిది చూడలేదండీ,” అన్నాడు.

సీమోను కారు ముందుకు వెళ్ళి ఇంజను కింద ఇనుప కమ్మీ గుచ్చి గట్టిగా తిప్పాడు. ఎడమ రెక్కలో ఏదో పట్టేసినట్టయింది. ఓర్చుకుని మళ్ళీ తిప్పాడు. ఇంజను అందుకుంది.

తర్లుపాడు దాటాక రోడ్డు గతుకులు. రెండు వైపులా కోసేసిన జొన్న మోళ్ళు, పడమటి దిక్కున నీలంగా నల్లమల. ఎర్రటి దుమ్ము కారు వెనక గోడలా లేస్తోంది. వాగు దాటి మిట్ట ఎక్కేసరికి ముందు ఒక గూడుబండి కనపడింది. బండి ముందు కూర్చుని పగ్గాలు పట్టుకున్నవాడు జ్ఞానయ్య. గూడులో నల్లకోటు వేసుకుని సుబ్బులు. పొద్దు పొడవకముందే బయలుదేరి ఉంటారు.

సీమోను కాలు దానంతటదే పెడలు మీద వదులైంది. కారు బండి వెనకే మెల్లగా నడిచింది. ఇట్లాగే పోతే అందరూ ఒక్కసారే చేరతారు. ఇంజను బాగాలేదంటే వీళ్ళకేం తెలుస్తుంది? ఆ ఆలోచన అతనికి వచ్చింది. వచ్చి మనసులో నిలిచింది కూడా.

వెనక సీటులో కమిషనరు నవ్వాడు. “ఇంత బండీ ఎద్దులతో సమానంగా పోతుందేమిటండీ?”

“ఏందిరా అది?” చెన్నకేశవులు గొంతు చిరాగ్గా వచ్చింది. “తోలడం మర్చిపోయినావా? చేతగాకుంటే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటా.”

సీమోనుకు చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళలో ఎవరూ అనని మాట. ఏం చేస్తున్నాడో తెలిసేలోపే చెయ్యి హారను మీద పడింది, కాలు పెడలును తొక్కింది. కారు ఒక్క ఊపులో బండిని దాటింది. ఎద్దులు బెదిరి చేలోకి దిగాయి. జ్ఞానయ్య పగ్గాలు బిగబట్టి తల తిప్పాడు. ఆ తరువాత అద్దంలో దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.

ఎర్రమిట్టలో గురవయ్య ఊరి ముందరే ఎదురొచ్చాడు. దొడ్డి దగ్గర కారు ఆగేసరికి పల్లె ఆడవాళ్ళు దూరంగా కంచె అవతల గుంపుగా నిలబడ్డారు. కారును చూసి ఎవరూ దగ్గరికి రాలేదు. కమిషనరు రుమాలుతో మెడ తుడుచుకుంటూ నాలుగు వైపులా చూశాడు. దున్నిన చాళ్ళలో పలకరాళ్ళు విరిగి పడి ఉన్నాయి.

“రెండో పక్షంవారు రాలేదా?” అన్నాడు.

“పొద్దెక్కిపాయె. వాళ్ళకు సాక్ష్యముంటే ఈపాటికి రారా అండీ?” అన్నాడు చెన్నకేశవులు. “ఇవి పశువులను కట్టేసే రాళ్ళు. మా క్లయింటు తాతల నాటి నుంచీ ఈడ పశువులనే కడతాండారు.”

కమిషనరు తల ఊపి కలం తీశాడు. సీమోను కారు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చాలులో బోర్లా పడిన ఒక రాయి అతనికి ఎదురుగానే ఉంది. దాని మీద సిలువను ఉలితో చెక్కింది అతనే. అతను తలుపు వదిలి రెండడుగులు ముందుకు వచ్చాడు.

“అయ్యా, అవి పశువుల రాళ్ళు గావు. ఇది మా ఆడమనిషిది. ఈడనే పెట్టినాము.”

గురవయ్య చెన్నకేశవులు వైపు చూశాడు. కమిషనరు సీమోను మొహం చూశాడు, మాసికల కోటు చూశాడు, తరువాత కారును చూశాడు.

చెన్నకేశవులు మెల్లగా నవ్వాడు. “మా డ్రైవరండీ. పెళ్ళాం పోయినకాడి నుంచీ అదో రకంగా ఉంటాడు. రోడ్డు మాత్రం బాగా చూస్తాడు.”

కమిషనరు కూడా నవ్వి, కలానికి మూత పెట్టాడు. “ఎండగా ఉంది. ఇంక పోదామండీ.”

సీమోను వెనక్కి వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు.

గురవయ్య ఇంట్లో విందు జరుగుతుండగా సుబ్బులు బండి వచ్చింది. ముసలాయన లోపలికి వెళ్ళి, తమ సాక్షులతో ఇంకోసారి స్థలం చూడమని కమిషనరును అడిగాడు. అంతా చూసేశానండీ అన్న జవాబు వీధిలోకి వినపడింది. సీమోను కొట్టం పక్కన విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. అన్నం కలిపాడు గాని నోట పెట్టుకోలేదు. జ్ఞానయ్య వచ్చి ఎదుట నిలబడ్డాడు. కనురెప్పల మీద కూడా దుమ్మే.

“నువ్వుండి గూడా ఇట్ల జరిగిపాయనా బావా?”

“నేనుండబట్టే జరిగింది జ్ఞానయ్యా,” అన్నాడు సీమోను.

జ్ఞానయ్య మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు. ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయాడు.

తిరుగుదారిలో కారు ముందు బయలుదేరింది. పొద్దు వాలుతోంది. వెనక సీటులో ఇద్దరూ కునుకుతున్నారు. సీమోను ఎడమ చెయ్యి చక్రం మీద నిలవడం లేదు. ఒంటి చేత్తోనే మలుపులు తిప్పాడు. వాగు దగ్గరికి వచ్చేసరికి రేడియేటరు మూత దగ్గర ఆవిరి బుసకొట్టింది. అతను కారు పక్కకు తీసి ఆపి, సీటు కింది నుంచి రేకు డబ్బా తీసుకుని వాగులోకి దిగాడు. ఇసుకలో చెలమ తోడి డబ్బా నింపాడు. గట్టెక్కి, కల్వర్టు గోడ మీద డబ్బా పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. చెన్నకేశవులు కళ్ళు తెరిచేసరికి అతని వీపు కనపడింది. కాసేపు చూసి, ముందుకు వంగి హారను కొట్టాడు. సీమోను తిరగలేదు. మళ్ళీ కొట్టాడు.

కమిషనరు దిగివెళ్ళి భుజం తట్టాడు. సీమోను ఆ తట్టుకే పక్కకు ఒరిగాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఇద్దరు ప్లీడర్లూ రోడ్డు మీద నిలబడిపోయారు. కారును కదిలించడం ఇద్దరికీ తెలియదు. “ఎవరినన్నా కేకేసి, వెనక సీటులో పడుకోబెట్టిస్తే?” అన్నాడు కమిషనరు. చెన్నకేశవులు తోలు సీట్ల వైపు చూశాడు. “పీనుగను ఎట్లా పెడతామండీ? రేపు ఇదే కారులో మనుషులు ఎక్కాల గదా.”

వెనకే వస్తున్న గూడుబండి అక్కడికి చేరి ఆగింది. జ్ఞానయ్య దూకి పరుగెత్తాడు. సుబ్బులు ఎవరూ అడగకుండానే బండి దిగి, తాను కూర్చున్న గడ్డి మీద చోటు చేశాడు. జ్ఞానయ్య సీమోనును రెండు చేతులా ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. కాకీ కోటు గుండీలు ఒక్కొక్కటే సరిచేశాడు.

“ఎర్రమిట్టలో పూడ్చొద్దురా,” అన్నాడు చెన్నకేశవులు. “కేసు నడుస్తాండాది. తప్పయితాది.”

“మరి యాడ పూడ్చమంటారు దొరా?”

చెన్నకేశవులు కారు వైపు తిరిగాడు. “పోరా నాయనా, నువ్వు పో,” అన్నాడు సుబ్బులు. జ్ఞానయ్య ఎద్దులను వెనక్కి మళ్ళించాడు. ముసలాయన చెప్పులు విడిచి చేతపట్టుకుని వాగు దాటి, తర్లుపాడు వైపు నడక సాగించాడు.

సీమోనును ఆ సాయంత్రమే కరుణమ్మ పక్కన పూడ్చారు. తీర్పు గురవయ్యకే వచ్చింది. వానలు పడ్డాక ఆయన అక్కడ ఆముదాలు విత్తాడు.

కారును మాత్రం ఆ సాయంత్రం, కబురు పెడితే వచ్చిన గురవయ్య ఎద్దులే మార్కాపురం దాకా ఈడ్చుకుపోయాయి. చెన్నకేశవులూ కమిషనరూ వెనక సీటులో కూర్చునే ఉన్నారు. దారి పొడుగునా జనం ఎప్పటిలాగే పక్కకు తప్పుకుని దండాలు పెట్టారు. వారం తిరక్కుండా కర్నూలు నుంచి ఇంకో డ్రైవరు వచ్చాడు. ప్లీడరుగారి గడపకు జనం తగ్గలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, వాగు దగ్గర కల్వర్టు గోడ మీద సీమోను పెట్టిన రేకు డబ్బాలో నీళ్ళు అంచుదాకా నిలిచి ఉన్నాయి. వాటి మీద ఎర్రటి దుమ్ము సన్నగా పొర కట్టింది.