గోడ మీద కుసుమ సాలు

సురంగల్‌ల సారమ్మకు వంకల సారమ్మ అని పేరు. ఊరికే రాలేదా పేరు. పెండ్లికి పోతే పప్పుల ఉప్పు తక్కువైందనేది. చర్చికి పోతే పాస్టరుగారి ప్రసంగం పొడుగైందనేది. పక్కింటి జంగమ్మ కొత్త చీర కట్టుకొస్తే అంచు పెద్దగున్నదనేది. "వంకలేనమ్మ డొంక పట్టుకొని ఏలాడిందట" అని జంగమ్మ ఒకనాడు మొకం మీదనే అన్నది. "ఆ డొంక సుత సక్కగ లేదు, అందుకే పట్టుకున్న" అన్నది సారమ్మ. గంత నోరు! కానీ ఉన్నమాట చెప్పాలె. ఆ నోట్ల నుంచి అబద్ధం మాత్రం రాదు. ఇంకొకరు ఆడితే ఊకోదు.

అసొంటి సారమ్మ కొడుకును పోలీసులు పట్టుకపోయిండ్రు.

అది అరవై తొమ్మిది సంవత్సరం. జొన్న పాలు పోసుకునే కాలం. తెలంగాణ కావాలని పిలగాండ్లు కాలేజీలు బందువెట్టి రోడ్ల మీదికొచ్చిండ్రు. మంగళవారం మిట్టమధ్యాహ్నం మొయినాబాద్ కాడ ఎవరో బస్సు ఆపి, మందిని దింపి, అగ్గిపెట్టిండ్రు. ఆఖరుకు దిగిన డ్రైవర్‌ది చెయ్యి కాలింది. తెల్లారి బుధవారం ఆడి ఠాణ నుంచి ఇద్దరొచ్చిండ్రు. ఎవరో రాసిచ్చిన కాయితంల, ముందటి రాత్రే ఊరికొచ్చిన ఆమె కొడుకు గిద్యోను పేరున్నదట. పట్నంల పీయూసీ చదివే పిలగాడు, పందొమ్మిదేండ్లోడు. పోయిన వారమే చేవెళ్ల సంతల జెండా పట్టుకొని తిరిగితే ఊరంత చూసింది. నమ్మకపోనీకి ఎవరికేం పని?

ఠాణల చువ్వల ఇవుతల నిలబడి సారమ్మ కొడుకును సూటిగ అడిగింది. "నిజం చెప్పు. నువ్వు కాలవెట్టినవా?"

"లేదవ్వా. ఆ యాల్లకు నేను పట్నంలున్న. నారాయణగూడల, బొమ్మల గదిల."

"ఏం గది?"

"నాలుగు గోడలకూ చేను గీసిండ్రవ్వా. లోపటికి పోతే చేన్ల నిలబడ్డట్టే ఉంటది. పది గంటల నుంచి ఒంటిగంట దాంక ఆడనే ఉన్న."

ఇంతకన్న సక్కటి అబద్ధం దొరకలేదా నీకు, అనుకున్నది సారమ్మ. గదిల చేనుంటదా? నిప్పు లేనిదే పొగొస్తదా? పైకి ఏమనలే. కానీ తల్లి మొకం కొడుకు చదవలేడా? గిద్యోను తల వంచుకున్నడు.

పెనిమిటి సాముయేలు చలిజ్వరంతోని మంచంబట్టి ఉన్నడు. ఆసరా అంటే బాల్‌రాజ్ ఒక్కడే. పంచాయతీ రాజకీయాలల్ల తిరిగే పట్టాదారు, మాటకు మంచోడు. "చూడు సారమ్మా, శుక్రవారం పది గంటలకు పిలగాని కోర్టుకు తీస్కపోతరట. ఆడికెళ్ళి జైలు. సదువు గంగల కలిసినట్టే. ఆ లోపల గా గది మనిషిని తోల్కరా. ఠాణ పెద్ద అమీన్‌సాబ్ చెడ్డోడు కాదు, వింటడు. మనిషే లేకుంటే మాత్రం..." అని ఆగిండు. ఆయన గూడ నమ్మలేదని సారమ్మకు సమజైంది.

బేస్తవారం కోడి కూయంగనే బయిలెల్లింది. బస్సులు బంద్. గండిపేట దాంక నడిచింది. ఆడ కూరగాయల లారీ ఆపి, వంకాయ గంపల నడుమ కూసొని మెహదీపట్నంల దిగింది. ఆడి నుంచి మళ్ళ నడక. తొవ్వపొంటి ఒకటే ప్రార్థన. "ప్రభువా, ఆ గది ఉండాలె. లేదని నాకు చెప్పేటందుకైతే నా కాళ్ళు ఈడనే ఆగిపోనియ్యి." జైలు ఒక దుఃఖం. కొడుకు తన మొకం చూసి అబద్ధమాడిండంటే అది ఇంకో దుఃఖం. ఏది పెద్దదో ఆమెకే తెల్వలే.

పట్నమంత బిక్కుబిక్కుమంటున్నది. దుకాణాలకు షట్టర్లు, రోడ్ల మీద గాజు పెంకులు, చౌరస్తల కాడ పోలీసులు. నారాయణగూడల తెరిచున్న పాల దుకాణపాయన్ను అడిగితే, "బొమ్మల పంతులమ్మ ఇల్లా? గల్లీల నీలి దర్వాజ" అని చెయ్యి చూపిచ్చిండు. సారమ్మకు గల్లీల నాలుగడుగులు నడవనీకి నాలుగు మైళ్ళంత అయింది.

నీలి దర్వాజ ఉన్నది! పక్క కిటికీకి అద్దాలు లేవు, అట్టలు కొట్టిండ్రు. గోడకు చిన్న బోర్డు. బైబిలు చదివిన కండ్లే గనుక సారమ్మ కూడబలుక్కొని చదివింది. "చిత్రాల గది. ఒక్కొక్కరే లోపలికి రావలెను. చెప్పులు విడువవలెను."

తలుపు నాలుగు వేళ్ళంత తెరుచుకున్నది. లోపల యాభయ్యేండ్ల ఆమె, కండ్లద్దాలు, గోర్ల సందున రంగు. ఆడపిల్లల బడిల డ్రాయింగ్ చెప్పే పంతులమ్మ నిర్మలమ్మ. "ఎవరండీ? ప్రదర్శన ఆపేశాను. ఈ గొడవల్లో ఎవరూ రావడం లేదు" అన్నది. గొంతుల భయం తెలుస్తనే ఉన్నది. కోస్తా మాట ఆమెది, ఆ మాటే ఆ దినాలల్ల ఆమెకు ముప్పు.

"ఒక్కసారి చూసి పోతనమ్మా. సురంగల్ నుంచి వచ్చిన."

దుమ్ముకొట్టుకపోయిన ఆ కాళ్ళ దిక్కు ఆమె ఒక ఘడియ చూసింది. తలుపు పూర్తిగ తెరిచింది.

పెద్ద గది కాదు. నాలుగు మంచాలు పట్టేంత. కిటికీలు లేవు, పైన రెండు అద్దం పెంకుల నుంచి ఎల్తురు పడుతున్నది. కింద కాలు పెట్టంగనే సారమ్మకు ఒళ్ళు పులకరించింది. నల్లరేగడి! నిజం మన్నే, సంచులల్ల తెచ్చి పరిచింది. మూలకు సొప్పకట్టలు, ఆ వాసన. నాలుగు దిక్కులా నెత్తిని మించిన జొన్న, కంకి కంకికీ ఎండ. మీద ఎల్తురు దిగేటట్టు పలుచటి బట్ట కట్టి ఆకాశం గీసిండ్రు. ఎటు తిరిగినా చేనే. దర్వాజ ఎటున్నదో సుత మరిచిపోయింది. ఇంటికాడ లెక్కనే చెయ్యి లేపి పిట్టను అదిలియ్యబోయి, గోడ మీది పిట్ట కదలకపోతే గప్పుడు సోయికొచ్చింది.

కొడుకు అబద్ధమాడలే. గది ఉన్నది. సారమ్మకు నిలబడ్డకాడనే కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

మరి పుట్టుబుద్ధి ఎటు పోతది? కండ్లు తుడుసుకోంగనే నోరు లేసింది. "ఎవరు గీసిండ్రమ్మా గిది?"

"నేనే."

"బస్సు కిటికీల నుంచి చూసి గీసినవా?"

నిర్మలమ్మ బిత్తరపోయింది. "మీకెలా తెలుసు?"

"చేన్ల దిగినోళ్ళెవరన్న నడుమ కుసుమలు పెడ్తరా? పసుపుపచ్చగ అందంగున్నయని ఏడ పడ్తె ఆడ చల్లినవ్. కుసుమ ముండ్ల చెట్టు. చేను సుట్టూ అంచుకు సాలు పోస్తం, గొడ్లు రాకుండ. నడుమ పెడితే కంకి ఎట్ల కోస్తరు? కాళ్ళు చీరుకపోవా?"

నిర్మలమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకొని నవ్వింది. ఎన్ని దినాలైందో ఏమో ఆమె నవ్వి. "సరిగ్గా ఈ మాటే, ఇదే గొంతుతో, మంగళవారం ఒక అబ్బాయి నన్ను తిట్టాడండీ. తిట్టి ఊరుకోలేదు. బొగ్గు ఇమ్మన్నాడు. అదిగో, కింద చూడండి."

ఆవు చేన్ల మేస్తే దూడ గట్టున మేస్తదా! సారమ్మ వంగి చూసింది. గోడ అడుగున, జొన్న మొదళ్ళకు అంచుగ బొగ్గుతోని గీసిన కుసుమ సాలు. ఆకాకుకు ముండ్లున్నయి. ఆ మూల నుంచి ఈ మూల దాంక పోయిన సాలు ఒక్క తావున తెగింది. అక్కడ మనిషి పట్టేంత సందు, సందు పక్కన ఒక పలుగురాయి.

అది సారమ్మ చేనే. సద్దిగంప నెత్తిన పెట్టుకొని దినాం ఆమె లోపలికి పోయే సందది. ఆ రాయి మీద గంప దించుతది. లోకంల ఇంకెవరికి తెలుసు గిది? మన్నుల కూలవడి ఆ బొగ్గు గీతల మీద చెయ్యి పెట్టుకొని ఏడ్చింది.

"మీరు ఆ అబ్బాయి తల్లి కదూ?" అన్నది నిర్మలమ్మ, పక్కన కూసొని.

అంత చెప్పింది సారమ్మ. బస్సు సంగతి, కాయితం సంగతి, రేపు పది గంటలకు కోర్టు సంగతి.

"అతను ఇక్కడే ఉన్నాడు, నిజం" అన్నది నిర్మలమ్మ. "కానీ మీ దగ్గర దాచకూడదు. లోపలికి వచ్చినప్పుడు అతని చేతిలో రాయి ఉంది."

"రాయా?"

"మా వాళ్ళ ఇళ్ళ మీద వేస్తున్నారు కదండీ. కిటికీ అంతకు ముందు రోజు ఎవరో పగలగొట్టారు. మంగళవారం మీ అబ్బాయి ఒక్కడే..."

సారమ్మకు ఇంకేం వినబడలే. మొకం మాడిపోయింది. దిగ్గున లేసింది.

"చూడమ్మా, నా కొడుకు నీ ఇంటి మీదికి రాయి పట్టుకొని వచ్చిండు. నువ్వొచ్చి వాన్ని కాపాడుమని ఏ మొకం పెట్టుకొని అడుగుదు? నాతోని కాదు. వాడు చేసింది వాడే పడ్తడు."

"ఆగండి, పూర్తిగా వినండి!"

ఎక్కడ ఆగుతది? గల్లీ దాటేసింది. వచ్చిన తొవ్వంత తిట్టుకుంట పోయింది. కొడుకును తిట్టింది, కడుపును తిట్టుకున్నది. చేతిల పడ్డ సాక్ష్యాన్ని వదిలేసి వస్తున్నానని తెలుసు. తెలిసినా కాళ్ళు ఎనుకకు మళ్ళలే.

శుక్రవారం తొమ్మిది గంటలకు ఠాణ అరుగు మీద కూసున్నది, ఒడిల జొన్నరొట్టెల మూట. బాల్‌రాజ్ ఉరుక్కుంట వచ్చిండు. "మనిషి దొరికిందా?"

"దొరికింది."

"ఏదీ?"

"అడగలే."

బాల్‌రాజ్ నెత్తి కొట్టుకున్నడు. "నీ రోషం తగలవడ! గిప్పుడా చూపెట్టేది?"

పది నిమిషాలకు ఖాళీ క్యాన్లు గలగలమనుకుంట ఒక పాల వ్యాను వచ్చి ఆగింది. దాంట్ల నుంచి కండ్లద్దాలామె దిగింది. ఆ రోడ్డు మీద, ఆ దినాలల్ల, ఒక్కతి. సారమ్మ లేసి నిలబడ్డది.

అమీన్‌సాబ్ అరుగు మీదనే కుర్సీ ఏపిచ్చిండు. పేరు, కొలువు రాసుకున్నడు. "ఏ ఊరమ్మా?"

"కాకినాడ అండి. ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు."

అమీన్‌సాబ్ కలం ఆపిండు. "పది నుంచి ఒంటిగంట దాంక మీ ఇంట్ల ఉన్నడంటరు. బొమ్మలు చూడనీకి మూడు గంటలా? అసలు ఎందుకొచ్చిండు?"

నిర్మలమ్మ తడుముకున్నది. గప్పుడు జవాన్ పక్కన నిలబడ్డ గిద్యోను అన్నడు, "రాయి ఏసెటందుకు పోయిన సార్."

బాల్‌రాజ్ కండ్లు మూసుకున్నడు. చేతికొచ్చిన కొడుకు చెయ్యిజారెనని సారమ్మ అరుగు కంబం పట్టుకున్నది.

"ఏసినవా?"

"లేదు సార్. లోపటికి పోయి చూస్తే మా చేనే ఉండె. చెయ్యి రాలే."

"తక్కింది నేను చెప్తానండి" అన్నది నిర్మలమ్మ. "పన్నెండప్పుడు గుంపు వచ్చింది, నలభై మంది. నేను వెనక గదిలో గడియ పెట్టుకుని తలుపు సందులోంచి చూస్తున్నాను. ఈ అబ్బాయి పోయి గడపలో అడ్డంగా కూర్చున్నాడు. వాళ్ళంతా ఇతని స్నేహితులే. 'లే, తప్పుకో' అన్నారు. 'ఇది మా ఊరి చేను. రాయి ఎవడేస్తడో నా మీద ఏసి పోండ్రి' అన్నాడు. ఒకడు వేశాడు కూడా. అందరూ పోయిందాకా కదల్లేదు. తర్వాత నేను మంచినీళ్ళిచ్చి బతిమాలితే ఒంటిగంటకు వెళ్ళాడు."

అమీన్‌సాబ్ లేసొచ్చి గిద్యోను అంగీ భుజం మీది నుంచి జరిపిండు. కోడిగుడ్డంత నల్లగ కమిలి ఉన్నది.

"తన మీదికొచ్చే మాట సుత దాచలే. ఈడు అబద్ధమాడెటోడు కాదు" అన్నడు. పోయి కాయితంల ఒక పేరు మీద గీత కొట్టిండు. "సంతకం చెయ్యమ్మా. నువ్వు ఇంటికి పోరా. సదువుకో."

బయిటికొచ్చినంక సారమ్మ నిర్మలమ్మ రెండు చేతులూ పట్టుకున్నది. "నిన్న నీ మాట సగంల ఇడిసిపెట్టి ఉరికిన. అయినా వచ్చినవ్. వందనాలు తల్లీ. నా ప్రాణమున్నంత కాలం దినాం ప్రార్థనల నీ పేరుంటది."

"నా ఇల్లు నిలబెట్టాడండీ మీ అబ్బాయి. నేనే మీకు చెప్పుకోవాలి" అన్నది నిర్మలమ్మ.

సారమ్మ మూట ఇప్పి, రొట్టె ఇరిచి, పచ్చిమిరప తొక్కు పెట్టి మొదటి ముక్క ఆమె చేతిలనే పెట్టింది. ఊరవుతలుండే వాళ్ళ పేట రొట్టె అంతకు ముందు ఏ పంతులమ్మా ముట్టలే. నిర్మలమ్మ ఠాణ అరుగు మీదనే కూసొని కండ్లెంబడి నీళ్ళు కారంగ, కారానికో మరి దేనికో, అంత తిన్నది.

గిద్యోను రెండు రొట్టెలు ఊదేసి మూడోదానికి చెయ్యి చాపిండు. సారమ్మ ఆ చెయ్యి పట్టుకొని ఆపింది. ఆ మాట అప్పుడే అనకుంటే ఇంకెన్నడూ అనలేనని ఆమెకు తెలుసు.

"బిడ్డా, నేను నిన్ను నమ్మలే."

"ఎరికేనవ్వా" అన్నడు వాడు. "నమ్మకుండనే గదా గంత దూరం నడిచినవ్ నా కోసం."