పీట మీద రెండు పిస్తోళ్లు

మా అమ్మాయి సాయిదుర్గ ఎస్సై అయిన దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ముమ్మిడివరంలో ఇంకా ఆడపిల్లలు లేరా? టీచర్లయ్యారు, బ్యాంకుల్లో చేరారు. మా దానికి మాత్రం నడుముకి తుపాకీ కావాల్సొచ్చింది!

దసరాకి ఆయుధపూజ వేళకు డ్యూటీ మధ్యలో ఒక గంట ఇంటికొచ్చింది. యూనిఫాంలోనే, ఆ నల్లటి పిస్తోలుతోనే.

మా ఆయన మంగరాజుగారి సంబరం చూడాలి. మా మామగారి జేబు పిస్తోలు ఏడాదికోసారి ఈ పూజకే బీరువాలోంచి బయటికొస్తుంది. మామగారు పోయాక లైసెన్సు ఈయన పేరుకి మారింది. అరచేతిలో ఇమిడిపోయే బుల్లిది. ఈసారి దాని పక్కన కూతురిది కూడా పెట్టాలని రొయ్యల చెరువుల దగ్గర అందరికీ చెప్పుకుని మరీ వచ్చారు.

"నీదానికెన్ని తూటాలమ్మా?"

"పదిహేడండి."

"దీనికి ఆరే. అయితేనేం, పంచె కట్టుకున్నా రొండిన దోపుకోవచ్చు. నీది మోస్తే నడుం పడిపోదూ?"

"మీది బెదిరించడానికండి నాన్నగారూ, నాది పని చెయ్యడానికి," అని నవ్వింది దుర్గ.

నాకు నవ్వు రాలేదు. "ముందు ఆ నల్లదాన్ని అటు తిప్పవే తల్లీ, గుండె దడదడలాడిపోతోంది," అన్నాను.

అది తూటాలుండే మ్యాగజైన్ ఊడదీసింది. పైభాగం వెనక్కి లాగి, లోపలికి చూసి, వేలు పెట్టి కూడా చూసి, అప్పుడు పీట మీద పెట్టింది. ఆయన చిన్నదాని మ్యాగజైన్ తీసి, "ఖాళీయే," అని పక్కన పెట్టేశారు. గంధం, కుంకుమ పెట్టేది నేనే కాబట్టి మూతులు రెండూ నావైపే ఉన్నాయి. నల్లదానికి దూరంనుంచే వేలికొసతో బొట్టు పెట్టాను. చిన్నదాన్ని మామూలుగా మూతి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను.

"అమ్మా, చెయ్యి తియ్యి!" దుర్గ అరిచింది. "నాన్నగారూ, గొట్టంలో చూసేరా?"

"మ్యాగజైన్ తీసేసేక తూటా ఇంకెక్కడుంటుందమ్మా?"

"తీసినా లోపల ఒకటి ఉండిపోవచ్చండి. నాదానికైతే లోపల తూటా ఉంటే పక్కనున్న చిన్న కొక్కెం పైకి ఉబ్బుతుంది, చీకట్లో తడిమినా తెలుస్తుంది. దీనికి అదేం లేదు."

"మా నాన్నగారి రోజుల నుంచి చూస్తున్నాను. నువ్వు నాకు చెప్తావా?" ఆయన మొహం ఎర్రబడింది.

పండగపూట గొడవెందుకని, "పోనీలేవే," అన్నాను. నాకు బుద్ధుండాలి!

అది వినలేదు. చిన్నదాన్ని తీసుకుని పెరట్లోకి నడిచింది. మమ్మల్ని వెనకాలే ఉండమని, కొబ్బరిచెట్ల అవతలి మట్టిగట్టు వైపు మూతి పెట్టి పైభాగం వెనక్కి లాగింది. తుప్పుకి కదల్లేదు. పళ్లు బిగించి మళ్లీ లాగింది.

"వద్దే! స్టేషన్లో ఎవరిచేతనైనా తీయిద్దాం," అని నేనంటుండగానే కిర్రుమంది. ఏదో ఎగిరి గడ్డిలో పడింది.

తూటా! చిలుమెక్కి పచ్చగా ఉంది.

ఇన్నేళ్లూ దీనికి ఎదురుగా కూర్చునా నేను బొట్టు పెట్టింది? ఆయన్ని నాలుగు దులిపేద్దామని తిరిగాను. దుర్గ మాత్రం తూటా అడుగు చూస్తూ ఉండిపోయింది.

"ఇక్కడ పిస్తోలు లోపలి సూది కొట్టిన సొట్ట ఉందండి. ఎవరో ట్రిగ్గర్ నొక్కేరు. మందు పాడైపోయి పేల్లేదంతే. ఎవరండి, తాతగారా?"

ఆయన అరుగు మీద కూలబడిపోయారు.

"నువ్వేనమ్మా. నీకప్పుడు ఐదో ఏడు. పూజయ్యాక, ఖాళీదే కదా అని ఆడుకోడానికిచ్చేను. నొక్కితే టిక్కుమంది. చూసేవా, ఖాళీయేనన్నాను."

"ఎటు పెట్టి నొక్కేను?"

నాకు గుర్తొచ్చింది. వంటింట్లో అట్లు పోస్తున్నాను. వెనకనుంచి వచ్చి, "అమ్మా, చేతులెత్తు," అంది. అట్లకాడతో సహా ఎత్తాను. ముగ్గురం పగలబడి నవ్వుకున్నాం.

"నావైపే," అన్నాను.

దుర్గ యూనిఫాంతోనే గడ్డిలో కూర్చుండిపోయి నా మోకాళ్లు వాటేసుకుంది. లేవమన్నా లేవలేదు.