చక్రం మీద సుద్దగీత

పదకొండో కారు టైరుకి సరిగ్గా నడినెత్తిన సుద్దతో గీత గీసి, అతను నడుం పట్టుకుని లేచాడు. గీత పైనే ఉంటే కారు కదల్లేదు. పక్కకి జారితే కదిలింది. ఆఫీసుల భవనం కింద నేలమాళిగలో కార్లకు కాపలా కాస్తూ పంతొమ్మిదేళ్లుగా అతను నమ్మింది ఈ గీత ఒక్కదాన్నే. మనుషులు నోటికొచ్చింది చెబుతారు. గీత చెప్పదు. అందరూ అతన్ని సుద్దముక్క అనే పిలుస్తారు.

చిట్లించిన కళ్లు, ముందుకు వంగిన మెడ. వంద కార్లలో వింతదాన్ని ఇట్టే పట్టేస్తాడు. మూడు చక్రాలది ఒకసారి వచ్చింది. ముందుభాగమే తలుపులా తెరుచుకునేది ఇంకోసారి వచ్చింది. ఇంటికెళ్లగానే భార్య అడిగేది, "ఇవాళ ఏం వింత బండి దిగింది?" అని. ఏదో కోరిక మనసులో పెట్టుకునే అడుగుతోందనుకుంటూనే చెప్పేవాడు. కడుపునొప్పి అన్నప్పుడూ పని ఎగ్గొట్టే ఎత్తే అనుకున్నాడు. కాదని తేలేసరికి ఆమెకి నెల రోజులే మిగిలాయి. ఆమె పోయి ఆరేళ్లు. అనుమానం మాత్రం పోలేదు.

ఆరో స్తంభం వెనకున్న కారు నాలుగు నెలలుగా అతని ప్రాణం తోడేస్తోంది. మీగడ రంగు, పొడుగు మూతి, ఎదురెదురుగా తెరుచుకునే తలుపులు. అలాంటిది ఊళ్లో రెండోది లేదు. వచ్చిన రోజు తప్ప గేటు దాటిన దాఖలా లేదు. కానీ గీత రోజూ జరుగుతోంది. గేటు దాటని కారు చక్రం ఎలా తిరుగుతుంది?

మధ్యాహ్నం పూట ఒక ముసలి డ్రైవరు వచ్చి పావుగంట ఉండి పోతాడు. పోయేటప్పుడు చేతులకు మసి. దొంగ కాకపోతే మసెందుకు?

ఆ పొద్దున మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"సార్, ముసలోడు ఆ బండి సామాన్లు పీకుతున్నాడు."

"చూశావా?"

"చూడాలా సార్? నిప్పు లేందే పొగొస్తుందా?"

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమేనయ్యా," అని నవ్వుతూనే మేనేజరు ఆ కారు యజమాని ఇంటికి ఫోన్ చేశాడు. పలికింది కొడుకు.

"'అక్కడుందా!' అన్నాడోయ్. నాలుగు నెలల్నించి వెతుకుతున్నాడట. లారీ పంపిస్తున్నాడు," అన్నాడు మేనేజరు ఫోన్ పెట్టేసి.

చూశారా, అన్నట్టు తలాడించాడు సుద్దముక్క.

మధ్యాహ్నం స్తంభం చాటున మాటేశాడు. డ్రైవరు వచ్చి చొక్కా విప్పి, మడిచి, కారు పైన పెట్టాడు. వెనక్కి వెళ్లి భుజం ఆనించి తోశాడు. మెడ నరాలు తాళ్లలా తేలాయి. చక్రం జానెడు తిరిగింది.

"దొరికావు పెద్దాయనా!"

"నువ్వా తమ్ముడూ. ఓ చెయ్యి వెయ్యి."

"ఎందుకు తోస్తున్నావు?"

"ఒకే పక్కన నిలబెడితే టైరు అడుగు చదునైపోద్ది. మంచం పట్టిన మనిషికి వీపు పుండ్లు పడ్డట్టు. బ్యాటరీ చచ్చింది, స్టార్టవదు. మా అయ్యగారూ ఆస్పత్రిలో ఇలాగే ఉన్నారు. అక్కడ నర్సు తిప్పుద్ది, ఇక్కడ నేను."

"కొడుక్కి చెప్పకుండా దాచావేం?"

"వాడా? ఇనుప తూకానికి అమ్మేస్తాడు. లేచొచ్చేదాకా బండి నీదేరా చూసుకో అన్నారు అయ్యగారు."

"లేచొస్తాడా?"

డ్రైవరు భుజం మళ్లీ ఆనించాడు.

లారీ వస్తోందని సుద్దముక్క చెప్పాలి. కొడుక్కి ఎవరు చెప్పారని అడిగితే? అయినా ముసలోడు ఇంత చక్కగా అల్లుతున్నాడంటే ఇదీ కథేనేమో. కథ కాకపోతే? కాదని ఎలా తెలుస్తుంది? అలా తూచుకుంటూ నిలబడ్డాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

వాలుదారిలో లారీ చప్పుడైంది.

లారీ మనిషి వచ్చి కొడుకు రాసిచ్చిన కాయితం చూపించాడు. డ్రైవరు చదివి మడిచి ఇచ్చేశాడు.

"పది నిమిషాల ముందు తెలిసున్నా ఆస్పత్రికి ఫోన్ చేసేవాణ్ణి. అయ్యగారు ఒక్క మాటంటే వాడు ముట్టుకునేవాడు కాదు," అన్నాడు, ఎవరితోనో తెలీనట్టు.

కారుని గొలుసుతో లారీ మీదికి లాగారు. తాళంచెవి లారీ మనిషి చేతిలో పెట్టి, డ్రైవరు చొక్కా వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. ఎవరు చెప్పారని అడగలేదు. అడిగితే మేనేజరు మీదికి తోసేద్దామని సుద్దముక్క సిద్ధంగానే ఉన్నాడు.

"వస్తా తమ్ముడూ," అని ముసలాయన వాలుదారి ఎక్కి ఎండలోకి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆరో స్తంభం వెనక, కారు కింద ఇన్నాళ్లూ కనపడని అట్టముక్క ఒకటి నేల మీద మిగిలింది. ఇంజను నుంచి కారే నూనె బయటికి పోకుండా నాలుగంచులూ పైకి మడిచి ఉన్నాయి. మధ్యలో ఒక చుక్క ఇంకా తడిగానే ఉంది.